గోడవైపు బల్ల

ఆ వేసవి మా ఆయన నలుగురిలో టీ తాగడం మానేశారు.

ముందు నేను పట్టించుకోలేదు. కొట్టుకు ఎవరొచ్చినా టీ తెప్పించడం, వాళ్ళతో పాటు తనూ తాగడం ఆయన అలవాటు. ఆ నెలంతా వచ్చినవాళ్ళు తాగి వెళ్తున్నారు, ఆయన గ్లాసు మాత్రం తొరక కట్టి బల్ల మీద అలాగే ఉంటోంది. "వేడి చేసింది" అన్నారొకసారి. "తర్వాత తాగుతాలే" అన్నారింకోసారి. ఒక మధ్యాహ్నం కొట్టు వెనక తలుపు తోసుకుని వెళ్దును కదా, ఆయన గోడకేసి తిరిగి నిలబడి, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తలను దాని మీదికి వంచి తాగుతున్నారు. చొక్కా ముందంతా తడిసిపోయింది.

నన్ను చూసి గ్లాసు దించారు. దించేటప్పుడు అది బల్లకు టకటకా కొట్టుకుంది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"చలికాలం నుంచి."

"డాక్టరేమన్నాడు?"

"ప్రాణానికి భయం లేదట. తగ్గేది కూడా కాదట." కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, ఎవరో మరమ్మతుకిచ్చి మరిచిపోయిన వస్తువును చూసినట్టు చూశారు. "వాడికి మాత్రం చెప్పకు."

వాడంటే మా మరిది. మాది గడియారాలు బాగుచేసే కొట్టు. ముందు గదిలో అన్నదమ్ములిద్దరి పని, వెనక రెండు గదుల్లో మా ముగ్గురి కాపురం. నేను ఆ ఇంటికి వచ్చేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు. వాడు బడి నుంచి వచ్చి గట్టిగా చదువుతుంటే పక్కన కూరలు తరుగుతూ విని, మర్నాడు వాడు బడికి వెళ్ళాక అదే పుస్తకం తెరిచి, అలా నాకు నేనే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ వేసవికి వాడికి నలభై దగ్గరపడ్డాయి. పెళ్ళి మాటెత్తితే "మీ ఇద్దర్నీ భరిస్తున్నాను, చాలదా" అనేవాడు.

ఆయన సన్నపనంతా వాడి వైపు నెట్టేస్తూ "నా కళ్ళు ఆనడం లేదురా" అంటూ వస్తున్నారు. కళ్ళకైతే అద్దాలున్నాయి. చేతికేముంది? వాడికి చెప్పొద్దనడానికి ఆయన కారణం ఆయనకుంది. వాడి కడుపులో మాట దాగదు. గిరాకీ ఎవరైనా వచ్చి "నా వాచీ ఎలా ఉంది?" అంటే "పారేయండి" అనేసే రకం.

సరే, దాచుదాం అనుకున్నాను. నాకు దాచడం కష్టమనిపించలేదు. నా భయమల్లా వేరు. ఎవరైనా గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటే చాలు, ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. మా అమ్మ అలాగే చెప్పులేసుకుని ఇప్పుడే వస్తానని వెళ్ళింది. మా అక్క కూడా అంతే. ఇద్దరూ మళ్ళీ కనపడలేదు. ఆ వేసవిలోనే మా వీధిని వెడల్పు చేస్తున్నారు. వానలు మొదలయ్యేలోపు కొట్టూ ఇల్లూ ఖాళీ చేయాలని కాగితం అంటించి పోయారు. మరిదికేం, ఏ ఊళ్ళోనైనా పెద్ద దుకాణంలో పని దొరుకుతుంది. వణికే చేతిని ఎవరు పిలుస్తారు?

మిగిలింది ఒకే దారి. గడియారాల పనివాళ్ళ సంఘానికి పని నేర్పే బడి ఒకటుంది. దాని పెద్ద మేష్టారు ఇరవై ఏళ్ళు చేసి దిగిపోతున్నారు. ఆ ఉద్యోగానికి మూడు గదుల ఇల్లిస్తారు, ఒక సహాయకుణ్ణి పెట్టుకోనిస్తారు. ఆయన మేష్టారు, మరిది సహాయకుడు, నేను వంటింట్లో. ముగ్గురం ఒకే కప్పు కింద. అంతకు మించి నేనేమీ కోరలేదు.

"చెయ్యి వణికేవాణ్ణి పని నేర్పమని ఎవరైనా ఎన్నుకుంటారా?" అన్నారాయన.

"చెవి బాగుంది, కన్ను బాగుంది, బుర్ర బాగుంది కదండీ."

"అవి కనపడవే. చెయ్యి కనపడుతుంది."

ఎన్నిక సంఘం మహాసభలో, ఐదో రోజున. నాలుగున్నర రోజులు నెట్టుకొస్తే చాలు.

మహాసభ జరిగిన భవనానికి కిటికీలు బోలెడు, ఒక్కటీ తెరుచుకోదు. పొద్దుటా సాయంత్రమూ ఒకే వెలుతురు. కింద హాలు, మధ్య అంతస్తులో భోజనాలు, పైన మాకిచ్చిన గదులు. లిఫ్టు ఎక్కినా మెట్లు దిగినా మెడలో బ్యాడ్జీ వేలాడుతున్న ఎవరో ఒకరు ఎదురై చెయ్యి చాపేవారు. మా ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవారు. "మీ ఆయనది ఎంత మర్యాదమ్మా!" అని ఒకాయన నాతో అన్నాడు.

సభలో చేతులు జేబుల్లో పెట్టుకోవచ్చు. వీపు వెనక కట్టుకోవచ్చు. అన్నం దగ్గర ఎక్కడ దాస్తాం? మొదటిరోజు పొద్దున్నే భోజనాల గది చూసొచ్చి నీరుగారిపోయాను. పొడుగాటి బల్లలు, ఎదురెదురుగా కుర్చీలు, ఆరువందల మంది. మామూలు మనుషులైతే చూస్తే తప్ప కనిపెట్టరు. వీళ్ళకు చూడక్కర్లేదు. వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఎక్కడ తడబడుతోందో చెప్పగల మనుషులు. అలాంటివాళ్ళ మధ్య పళ్ళేనికి తగిలి చెంచా టకటకలాడితే ఇంకేమైనా ఉందా?

మెట్లు తుడుస్తున్న ఆమెను పట్టుకున్నాను.

"ఇక్కడ దగ్గర్లో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది తల్లీ?"

"పైన ఊరికే పెడుతున్నారుగా?"

"అది మా ఆయనకు పడదు."

ఆమె గుడ్డ పిండుతూ నన్ను ఎగాదిగా చూసింది. "మీకు రుచిగా ఉండాలా, చవగ్గా ఉండాలా?"

"కాస్త మూలగా ఉంటే చాలు."

"మూల కోసం భోజనానికి వెళ్ళేవాళ్ళను ఇప్పుడే చూడ్డం!" అని పకపకా నవ్వింది. నవ్వాక మాత్రం బాగానే చెప్పింది. బస్సుల డిపో వెనక డ్రైవర్లు తినేది ఒకటి. ఆసుపత్రి సందులో నర్సులు తినేది ఒకటి. దర్జీ కొట్టు మీద మేడ గదిలో ఒక పెద్దావిడ వండి పెట్టేది ఒకటి. "బోర్డులు చూసి పోకండి. పనిలో ఉన్నవాళ్ళు ఎటు నడుస్తున్నారో అటు పోండి" అంది.

సభ మొదలవగానే నేను బయల్దేరి మూడూ చూసొచ్చాను. హోటలంటే శుభ్రం, రుచి చూస్తారు ఎవరైనా. నేను చూసినవి వేరు. గోడవైపు బల్ల ఉందా, ఆయన కుడిచెయ్యి గోడ పక్కకు వచ్చేట్టు కూర్చోవచ్చా. గ్లాసులు బరువైనవా. పళ్ళేలకు అంచు ఎత్తుగా ఉందా, అన్నం చెంచాలోకి దానంతటదే ఎక్కేట్టు. అన్నింటికంటే ముఖ్యం, గోల ఉందా.

డిపో వెనక హోటల్లో గోలకు కొదవలేదు. డ్రైవర్లు ఎవరి బస్సు ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకుంటూ బల్లలు గుద్దుతున్నారు. ఆ హోరులో ఆయన చెంచా చప్పుడు పక్కనున్న నాకే వినపడలేదు. ఎన్ని నెలల తర్వాతో ఆయన కడుపునిండా తిన్నారు. నేనేం తిన్నానో నాకు గుర్తులేదు. ఆయన మోచేతి కింద నా అరచెయ్యి ఉంది, నా కళ్ళు గుమ్మం మీద ఉన్నాయి.

"పెళ్ళైన ముప్పై ఏళ్ళకు నన్ను షికార్లు తిప్పుతున్నావు" అన్నారు మూతి తుడుచుకుంటూ.

"తినండి ముందు. నవ్వితే ఇంకా ఒలుకుతుంది."

తిరిగి వచ్చేసరికి మరిది గాజు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికెళ్ళారు? మీ ఇద్దరికీ కుర్చీలు పట్టి ఉంచాను. పక్కాయనతో తగువు కూడా పెట్టుకున్నాను."

"మీ అన్నయ్యకు ఇక్కడి వంట పడటం లేదురా. కడుపులో మంటట."

"అన్నయ్యకా? రాళ్ళు తిన్నా అరిగించుకుంటాడే!" వాడు ఆయన వైపు తిరిగాడు. ఆయన అప్పటికే లిఫ్టు వైపు నడుస్తున్నారు. "అయితే రేపు నేనూ మీతోనే వస్తాను."

"నువ్వొద్దు. నువ్విక్కడ ఉండాలి. బల్ల దగ్గరే కదా ఓట్ల మాటలన్నీ నడిచేది. మీ అన్నయ్య తరఫున నలుగురితో మంచిగా మాట్లాడు."

"నన్నా మాట్లాడమంటున్నావు? ఉన్న ఓట్లు పోతాయి వదినా" అని నవ్వాడు. నవ్వినా ఒప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచీ నేను చెప్పిన పని వాడు కాదన్నది లేదు.

రెండో రోజు నర్సుల హోటలు నుంచి వస్తూ మెట్ల దగ్గర దొరికిపోయాం. ఒకాయన ఉన్నాడు, లావుపాటి మనిషి. ఆయన నవ్వితే హాలు ఆ చివరి దాకా వినిపించేది. అందరూ అలారం అనేవారు, ఆయన కూడా పలికేవాడు.

"అమ్మగారూ, మీరు రోజూ బయట ఎక్కడో అమృతం తాగొస్తున్నారట! మాకూ చెప్పండి. పైన ఆ చప్పిడి కూరతో నాలిక మొద్దుబారిపోయింది."

ఏం చెప్పను? నర్సుల హోటలని చెబితే రేపు అక్కడే ప్రత్యక్షమవుతాడు. నోటికొచ్చింది చెప్పాను. మేం వెళ్ళిన దిక్కు పడమర, నేను చెయ్యి చూపించింది తూర్పు. "రైలుకట్ట దాటగానే నీలం తలుపులున్న హోటలు. చేప అద్భుతం." రైలుకట్ట అవతల ఏముందో నాకు తెలియదు. నీలం తలుపులు ఎక్కడివో కూడా తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం అలారం నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను. వస్తూనే రెండు చేతులూ జోడించాడు.

"తలుపులు నీలం కాదమ్మగారూ, ఆకుపచ్చ. మీకు రంగులు సరిగ్గా ఆనడం లేదు. కాని ఆ చేప! జన్మలో తినలేదు!"

అంతే. సాయంత్రానికి నేను మహాసభలో తిండికి పెద్దదిక్కునైపోయాను. అటునుంచి ఇద్దరు, ఇటునుంచి ముగ్గురు. "అమ్మగారూ, మెత్తటి రొట్టె ఎక్కడ?" "కారం తక్కువగా ఎక్కడ?" "పళ్ళు లేనివాళ్ళకు ఎక్కడ?" నేను అందర్నీ తూర్పుకే తోలుతున్నాను. ఉన్నవీ లేనివీ కలిపి చెబుతున్నాను. వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి వెతుక్కుని, తిని, నాకే దణ్ణం పెడుతున్నారు. అబద్ధానికి ఇంత గౌరవం దొరకడం నేనెక్కడా చూడలేదు. కాని ఒక్కొక్కరు వచ్చి అడిగినప్పుడల్లా నా చుట్టూ ఒక్కొక్క తలుపు మూసుకుంటున్నట్టుండేది. రేపు ఎవరు తూర్పు వెళ్ళకుండా పడమర వస్తారో! రాత్రుళ్ళు పడుకుని, ఎవరిని ఎటు పంపానో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. తెరుచుకోని కిటికీ దగ్గర నిలబడితే నా ఊపిరే అద్దం మీద పడి, వీధి కూడా కనిపించేది కాదు.

నాలుగో రోజు పొద్దున మరిది మా గదికి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నయ్యేడీ?"

"స్నానం చేస్తున్నారు."

"వదినా, ఇవాళ ఒక్కరోజు ముగ్గురం కలిసి తిందాం. నీతో ఒకటి మాట్లాడాలి."

వాడికి అనుమానం వచ్చిందనుకున్నాను. చెయ్యి సంగతి అడుగుతాడు, నేను అబద్ధమాడితే నా మొహం చూసి పట్టేస్తాడు, నిజం చెబితే వాడు రేపటికల్లా నలుగురి ముందూ బయటపడిపోతాడు. ఒక్కరోజు. ఇంకొక్కరోజు దాటితే చాలు.

"ఇవాళ మమ్మల్ని ఎవరో పిలిచార్రా. రేపు తిందాం. రేపు ఎన్నిక అయ్యాక తీరిగ్గా."

"ఎవరు పిలిచారు?"

"నీకు తెలియదులే."

వాడికి కోపం వస్తే అరుస్తాడు. అరవలేదు.

"ఊళ్ళోవాళ్ళందరికీ దారి చెబుతున్నావట వదినా. ఆ అలారం గాడు నా ఎదురుగా కూర్చుని, మీ వదిన పుణ్యమా అని రోజూ పండగేనంటున్నాడు. నేను చప్పిడి కూర తింటూ అన్నయ్యకు ఓట్లడుగుతున్నాను."

"అలిగావా? చిన్నపిల్లాడివా?"

"లేదులే" అన్నాడు. బ్యాడ్జీ సరిచేసుకున్నాడు. "రేపంటే రేపే" అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మేం దర్జీ కొట్టు మీది మేడ గదికి వెళ్ళాం. ఆ పెద్దావిడ మమ్మల్ని చూసి ఏమీ అడగలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళేసరికి ఆయన కోసం లోతు గిన్నె ఒకటి విడిగా తీసి పెట్టింది.

మర్నాడంటే ఎన్నిక రోజు. మూడింటికి ఓట్లు. ఆయనకు చెయ్యి ఎన్నడూ లేనంతగా వణుకుతోంది. చెంచా ఎత్తితే సగం ఒళ్ళోకే పోతోంది. ఓట్ల ముందు చొక్కా పాడైతే ఎలా? నేను చుట్టూ చూశాను. గదిలో మేం తప్ప ఎవరూ లేరు. ఆయన చేతిలోంచి చెంచా తీసుకుని నోటికందించాను. ఆయన నోరు తెరవలేదు.

"తెరవండి. ఇక్కడెవరున్నారు?"

తెరిచారు. కళ్ళు మూసుకుని తిన్నారు. నేను ఒక్కొక్క చెంచా అందిస్తూ, ఎందుకో తలెత్తి ఎదురుగా గోడకున్న అద్దం వైపు చూశాను. అద్దంలో మెట్ల మీద మా మరిది నిలబడి ఉన్నాడు. మెట్లు తుడిచే ఆమెను అడిగి తెలుసుకుని వచ్చాడట. చేతిలో మడతపెట్టిన కాగితం ఏదో ఉంది. అద్దంలో నా కళ్ళూ వాడి కళ్ళూ కలిశాయి. నేను చెంచా దించలేదు. దించితే ఆయన కళ్ళు తెరుస్తారు. వాడు కాగితం జేబులో పెట్టుకుని, చెప్పుల చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయనకు నేను చెప్పలేదు.

ఓట్లు లెక్కపెట్టారు. నలభై మూడు ఓట్ల తేడాతో మా ఆయనే గెలిచారు. అలారం నవ్వు భవనమంతా మోగింది. ఆయన్ను వేదిక మీదికి పిలిచి దండ వేశారు. నేను ముందు వరసలో కూర్చుని, ఇక అయిపోయింది, ఇక ఎవరి ఎదటా తినక్కర్లేదు అనుకుంటున్నాను.

అప్పుడు అధ్యక్షుడు మైకులో అన్నాడు: "ఇప్పుడు మన ఆనవాయితీ ప్రకారం కొత్త మేష్టారికి టీ!"

మహాసభ పుస్తకం నేను మొదటిరోజే అట్ట నుంచి అట్ట దాకా చదివాను. చివరి పేజీలో 'టీ అందజేత' అని ఉంది. సభ అయ్యాక అందరికీ టీ ఇస్తారు కాబోలు అనుకున్నాను. పెద్ద మేష్టారిని ఎన్నుకుని ఇరవై ఏళ్ళయింది. ఆ సభకు వెళ్ళని మా ఆయనకు కూడా ఈ ఆనవాయితీ తెలియదు. కప్పు నిండా టీ పోసి, సాసరుతో సహా చేతికిస్తారు. కొత్త మేష్టారు వేదిక మీద నిలబడి, చుక్క ఒలకకుండా తాగాలి. ఆ చేతికి బడి అప్పగించినట్టు.

ఆయన నా వైపు చూశారు. నేను లేవబోయాను. అధ్యక్షుడు కప్పు అందించాడు. ఆయన అందుకున్నారు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సాసరు మీద కప్పు టకటక మొదలుపెట్టింది. ముందు సన్నగా. తర్వాత కొంచెం గట్టిగా. ఆరువందల మంది చెవులు. మొదటి వరసలో ఒక ముసలాయన తల ఒక పక్కకు వంచడం నేను చూశాను.

"ఆగండాగండి!"

మా మరిది. రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కి, అన్న చేతిలోంచి కప్పూ సాసరూ లాగేసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా మా అన్న గ్లాసులో మొదటి గుక్క నాది! పదవి వచ్చిందని ఇవాళ మార్చేస్తానంటే ఒప్పుకోను!" అని, వేడివేడి టీ మొత్తం గటగటా తాగేసి, ఖాళీ కప్పును బోర్లించి జనానికి చూపించాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు కాలి.

హాలు గొల్లుమంది. "మొత్తం తమ్ముడే తాగేస్తే మేష్టారికేం మిగిలిందయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

"పాఠాలు చెప్పడం మిగిలింది! అంత బరువు నాకొద్దు!"

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. వాడు అన్న గ్లాసును ఎన్నడూ ముట్టుకోలేదు, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా. వాడు అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. అంత బాగా ఎక్కడ నేర్చుకున్నాడో!

జనం పలచబడ్డాక నడవాలో వాణ్ణి పట్టుకున్నాను. నాలిక బయటపెట్టి గాలి తగిలిస్తున్నాడు.

"బాగా కాలిందా?"

"ఆ. ఏం మరిగించారో మహానుభావులు."

"మధ్యాహ్నం చూశావు కదూ."

"చూశాను." గోడకు ఆనుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పాను. వాడు తలూపుతూ విన్నాడు. సన్నపనంతా తనకెందుకు వస్తోందో ఇప్పుడు అర్థమవుతున్నట్టుంది.

"ఆ కాగితమేంట్రా?"

"ఓడల గడియారాలు బాగుచేసే పెద్ద కార్ఖానా ఉంది, సముద్రం అవతల. వాళ్ళ మనిషి మూడ్రోజులుగా నా వెంట పడుతున్నాడు. మూడేళ్ళ ఒప్పందం. దాని గురించే నిన్న నీతో మాట్లాడదామనుకున్నాను."

"వెళ్ళనని చెప్పేయ్."

"సంతకం పెట్టేశాను."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

కింద ఎవరో కుర్చీలు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పడేస్తున్నారు.

"కొత్త ఇంట్లో మీరిద్దరే ఉందామనుకుంటున్నారేమో, ఆ మాట నాతో అనలేక తప్పుకు తిరుగుతున్నారేమో అనుకున్నాను వదినా" అన్నాడు. "తప్పేం లేదులే అని కూడా అనుకున్నాను. ఎన్నాళ్ళని మీ మీద పడి ఉంటాను."

"చింపెయ్యరా ఆ కాగితం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఛ, ఏం మాటలవి! నా కోసం వాళ్ళు ఇంకొకణ్ణి వద్దన్నారు. మాటిచ్చాను." మెట్ల వైపు ఒక అడుగేసి "అన్నయ్యతో నేను చూశానని చెప్పకు" అన్నాడు.

ఆయనొకటి దాచమంటే, వాడొకటి దాచమన్నాడు. ఆయన మాట ఎలాగూ దాటాను, వాడి మాటైనా నిలబెట్టాను.

బడి ఇంట్లో మూడు గదులూ పెద్దవే. రెండో ఏడు మా ఆయన తరగతిలో తనంతట తనే చెయ్యి చాపి పిల్లలకు చూపించారు. "ఇది వణుకుతుంది. అందుకని పని మీరు చేస్తారు, తప్పు నేను వింటాను" అన్నారట. ఒక్కడు కూడా బడి మానలేదు. సంఘానికీ తెలిసింది. వాళ్ళ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. పదహారేళ్ళు చెప్పారు ఆయన, పోయేదాకా. మూడేళ్ళని వెళ్ళినవాడు అక్కడే ఒక నర్సును చేసుకున్నాడు. వస్తూ పోతూ ఉంటాడు. ఉండటానికి మాత్రం రాలేదు.

ఇదంతా తర్వాతి సంగతి. మహాసభ ముగిసిన మర్నాడు, రేవుకు వెళ్ళే బస్సు వాడికి రెండింటికి. పన్నెండు కాకముందే ముగ్గురం రోడ్డెక్కాం. నన్ను దారి చూపించమన్నారు. డిపో, ఆసుపత్రి, మేడ గది, ఏదీ నాకు మనస్కరించలేదు. రైలుకట్ట దాటి ఆకుపచ్చ తలుపుల హోటలుకు తీసుకెళ్ళాను. అలారం నిజమే చెప్పాడు, చేప బాగుంది. గది కిటకిటలాడుతోంది. మధ్య బల్ల దొరికింది. ఓట్లు అయిపోయాయి కదా, ఆయన ఇక తమ్ముడి ఎదట చెయ్యి దాచుకోలేదు. మా ఆయన చెంచా పళ్ళేనికి టకటకా కొట్టుకుంది, అన్నం ఒలికింది. పక్క బల్లవాళ్ళు ఉప్పు అడిగి తీసుకున్నారు. ఎవ్వరూ తిరిగి చూడలేదు.

"బాగుందిరా" అన్నారాయన తమ్ముడితో.

"బాగుందన్నయ్యా."

వాడి పళ్ళెం ఖాళీ అయింది. వాడు కుర్చీ వెనక్కి జరపబోయాడు. "ఇంకో చేప" అన్నాను వడ్డించే అతనితో. వాడు కుర్చీ ముందుకు లాక్కుని తిన్నాడు. తినడం అవుతుండగానే రొట్టె చెప్పాను. రొట్టె అయ్యాక మళ్ళీ అన్నం చెప్పాను. వాడి నాలిక కాలి ఉంది, కడుపు ఎప్పుడో నిండింది, నాకు తెలుసు. వద్దనకుండా, తల వంచుకుని, ఒక్కొక్క ముద్దే తింటూ ఉన్నాడు. గడియారాల పనివాళ్ళిద్దరి మధ్యా కూర్చుని, టైమెంతయిందని నేను ఒక్కర్నీ అడగలేదు.